వీఎఫ్‌డీ పారామీటర్లను మోడ్‌బస్‌తో చదవడం, రాయడం ఎలా?

ప్యానెల్‌లో ఎనిమిది వీఎఫ్‌డీలు, అంటే ఫ్రీక్వెన్సీ మార్చి మోటార్ వేగాన్ని అదుపు చేసే డ్రైవ్‌లు, ఉన్నాయనుకోండి. ఒక్కోదాని ముందు నిలబడి కీప్యాడ్ బటన్లు నొక్కుతూ పారామీటర్లు, అంటే సెట్టింగ్ విలువలు, ఒక్కొక్కటే పెట్టడం సాధ్యమే. కానీ ఏ డ్రైవ్‌లో ఏ విలువ ఉందో ఎక్కడా రాసి ఉండదు. రాత్రి షిఫ్టులో ఎవరైనా ఒకటి మార్చితే తెలిసే దారీ ఉండదు. ఒక డ్రైవ్ కాలిపోయి కొత్తది పెట్టాల్సి వచ్చినప్పుడు పాత సెట్టింగ్‌లు ఎవరికీ గుర్తుండవు, అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్. దాదాపు ప్రతి డ్రైవ్‌లోనూ ఒక సీరియల్ పోర్టు ఉచితంగానే వస్తుంది. దాన్ని వాడుకోవడం నేర్చుకుంటే ఈ బాధలన్నీ తప్పుతాయి.

ఈ వ్యాసంలో డెల్టా వీఎఫ్‌డీ-ఈఎల్ డ్రైవ్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. చిన్న మిల్లుల్లో, పంపుల దగ్గర, కన్వేయర్ల మీద బాగా కనిపించే డ్రైవ్ ఇది. ఇందులో వాడేది మోడ్‌బస్ ఆర్‌టీయూ, అంటే పరికరాలు బైట్లతో మాట్లాడుకునే ఒక భాష. అది నడిచేది ఆర్ఎస్-485 అనే సీరియల్ లైను వైర్ల మీద. మోడ్‌బస్‌ను 1979లో మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల (మెషీన్లను నడిపే పారిశ్రామిక కంప్యూటర్ల) కోసం తయారు చేసింది. ఇన్నేళ్లయినా డ్రైవ్‌లలో ఇంకా అదే రాజ్యమేలుతోంది. కారణం సులువు: మాస్టర్ (ఇక్కడ ల్యాప్‌టాప్) ఒక ప్రశ్న అడుగుతుంది, స్లేవ్ (డ్రైవ్) ఒక జవాబు ఇస్తుంది, అంతే. అడగనిదే డ్రైవ్ నోరు విప్పదు.

మొదటి నుంచి చివరి దాకా ఒక్క పద్ధతి పట్టుకోండి. ముందు చదవండి, చదివింది కీప్యాడ్ మీద కనిపించేదానితో సరిపోయిందని రుజువు చేసుకోండి, ఆ తర్వాతే రాయండి, రాశాక మళ్లీ చదవండి. తప్పుగా చదివితే పోయేదేమీ లేదు. తప్పుగా రాస్తే మోటార్ కదులుతుంది, లేదా సెట్టింగ్‌లన్నీ ఎగిరిపోతాయి.

కావలసినవి

ల్యాప్‌టాప్, యూఎస్‌బీ నుంచి ఆర్ఎస్-485కి మార్చే కన్వర్టర్, ఒక ల్యాన్ కేబుల్ ముక్క, ఆ డ్రైవ్ మాన్యువల్. కన్వర్టర్ కొనేటప్పుడు ఐసొలేషన్ (రెండు వైపులనూ విద్యుత్ పరంగా వేరు చేసే ఏర్పాటు) ఉన్నదే కొనండి. చవక రకం టేబుల్ మీద బాగానే పనిచేస్తుంది. డ్రైవ్ నడుస్తున్న ప్యానెల్‌లో మాత్రం నాయిస్‌కు, అంటే విద్యుత్ అలజడికి, మధ్యలో ఆగిపోవచ్చు. గ్రౌండ్ తేడా ఎక్కువగా ఉంటే కన్వర్టర్‌తో పాటు ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టు కూడా పోయే ప్రమాదం ఉంది. సాఫ్ట్‌వేర్‌కు క్యూమాడ్‌మాస్టర్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ చాలు. తర్వాత పైథాన్‌లో సొంతంగా రాసుకోవచ్చు, కానీ మొదటి రోజు వద్దు. మొదటి రోజు మీకు కావాల్సింది వెళ్లిన బైట్లు, వచ్చిన బైట్లు కళ్లకు చూపించే ప్రోగ్రామ్.

భద్రత సంగతి. మూడు ఫేజుల 415 వోల్టుల సరఫరా ఉన్న డ్రైవ్‌లో డీసీ బస్ (ఏసీని డీసీగా మార్చి నిలిపే లోపలి భాగం) సుమారు 587 వోల్టులు ఉంటుంది. మెయిన్స్ తీసి డిస్‌ప్లే ఆరిపోయినా కెపాసిటర్లలో ఆ ఛార్జ్ వెంటనే పోదు. మాన్యువల్ చెప్పినంత సేపు ఆగి, మీటర్‌తో చూసుకుని అప్పుడు కవర్ తీయండి. రాసే ప్రయోగాలు చేసే రోజు మోటార్ నుంచి బెల్టు గానీ కప్లింగ్ గానీ విప్పేయండి. మెషీన్ దగ్గర ఎవరూ లేరని చూసుకోండి. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ వైరు ద్వారా నేరుగా కాంటాక్టర్‌నో డ్రైవ్ సరఫరానో తెంచేలా ఉండాలి. సీరియల్ కేబుల్ మీద పంపే స్టాప్ ఆదేశాన్ని ఎన్నడూ ఎమర్జెన్సీ స్టాప్‌గా లెక్కపెట్టకండి.

వైరింగ్

వీఎఫ్‌డీ-ఈఎల్‌లో ఆర్ఎస్-485 పోర్టు చూడ్డానికి ల్యాన్ పోర్టులాగే ఉంటుంది, ఆర్‌జే-45. కానీ అది ఈథర్‌నెట్ కాదు. అందులో ఒక పిన్నులో కరెంటు సరఫరా కూడా ఉంటుంది. కాబట్టి ల్యాన్ కేబుల్ తెచ్చి ఒక కొన డ్రైవ్‌లో, రెండో కొన ల్యాప్‌టాప్ ల్యాన్ పోర్టులోనో స్విచ్‌లోనో పెట్టే పని అస్సలు చేయకండి.

ఇందులో 4వ పిన్ను ఎస్‌జీ (సిగ్నల్) మైనస్, 5వ పిన్ను ఎస్‌జీ ప్లస్, 3వ పిన్ను గ్రౌండ్. మామూలు ల్యాన్ కేబుల్‌లో 4, 5 పిన్నులకు వచ్చేది నీలం జత: 4కి నిండు నీలం, 5కి తెలుపు-నీలం. రెండూ ఒకదానికొకటి పురి తిప్పి ఉంటాయి, ఆర్ఎస్-485కి సరిగ్గా కావాల్సింది అదే. ల్యాన్ కేబుల్‌ను సగానికి కోసి, నిండు నీలాన్ని కన్వర్టర్ మైనస్‌కు, తెలుపు-నీలాన్ని ప్లస్‌కు, 3వ పిన్ను తీగను కన్వర్టర్ గ్రౌండ్‌కు కలపండి. మిగతా తీగల కొనలకు ఒక్కొక్కదానికి విడిగా ఇన్సులేషన్ టేపు చుట్టండి. అన్నిటినీ కలిపి ఒకే చుట్ట చుట్టొద్దు, ఆ సరఫరా తీగ కూడా వాటిలోనే ఉంది.

కన్వర్టర్ మీద ప్లస్, మైనస్ బదులు ఏ, బీ అని రాసి ఉంటే కొంచెం గందరగోళమే. ఒక కంపెనీ ఏ అని దేన్ని అంటుందో, ఇంకో కంపెనీ బీ అని దాన్నే అంటుంది. అక్షరాలను నమ్మి గంటలు పోగొట్టుకోకండి. జవాబు రాకపోతే రెండు తీగలు అటూ ఇటూ మార్చి చూడండి. ఈ రెండూ తారుమారైతే ఏమీ కాలిపోదు, మాట వినపడదు అంతే.

ఒకటి కంటే ఎక్కువ డ్రైవ్‌లు ఉంటే తీగ ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కు గొలుసులా పోవాలి. ఒక జంక్షన్ బాక్స్ నుంచి నక్షత్రంలా అన్ని వైపులకూ లాగొద్దు. లైను పొడవుగా ఉంటే రెండు చివర్లలో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కొక్కటి పెట్టాలి, మధ్యలో ఉన్న డ్రైవ్‌లకు వద్దు. టేబుల్ మీద రెండు మీటర్ల తీగతో 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) దగ్గర పరీక్షిస్తుంటే రెసిస్టర్ లేకపోయినా నడుస్తుంది. కమ్యూనికేషన్ తీగను డ్రైవ్ నుంచి మోటార్‌కు వెళ్లే కేబుల్‌తో కలిపి ఒకే డక్టులో వేయకండి. దాటక తప్పకపోతే అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

డ్రైవ్‌లో పెట్టాల్సిన సెట్టింగ్‌లు

ఇవి కీప్యాడ్ నుంచే పెట్టాలి. 09 గ్రూపు మొత్తం కమ్యూనికేషన్‌కు సంబంధించినదే.

09.00 డ్రైవ్ అడ్రస్. ఫ్యాక్టరీ విలువ 1. ఈ ఉదాహరణలో 5 పెడదాం. లైనులో ఏ రెండు డ్రైవ్‌లకూ ఒకే అడ్రస్ ఉండకూడదు.

09.01 వేగం. 0 అంటే 4800, 1 అంటే 9600, 2 అంటే 19200, 3 అంటే 38400. 1 దగ్గరే ఉంచండి. 9600 బాడ్ దగ్గర ఒక ప్రశ్న, ఒక జవాబు కలిపి సెకనులో చిన్న భాగమే పడుతుంది. పది డ్రైవ్‌ల కరెంటు, ఫ్రీక్వెన్సీ చూడ్డానికి అది ధారాళంగా సరిపోతుంది.

09.04 దగ్గరే ఎక్కువ మంది ఇరుక్కుంటారు. దీని ఫ్యాక్టరీ విలువ 0, అంటే మోడ్‌బస్ ఆస్కీ (బైట్లను అక్షరాలుగా పంపే రూపం), 7 డేటా బిట్లు, పారిటీ (తప్పు పట్టే అదనపు బిట్టు) లేదు, 2 స్టాప్ బిట్లు. మనకు కావాల్సింది ఆర్‌టీయూ. 3 పెడితే 8 బిట్లు, పారిటీ లేదు, 2 స్టాప్ బిట్లు. 4 పెడితే 8 బిట్లు, ఈవెన్ పారిటీ, 1 స్టాప్ బిట్. నేను 4 పెట్టమంటాను. మోడ్‌బస్ ప్రమాణం చెప్పేది ఈవెన్ పారిటీయే, పైగా దెబ్బతిన్న బైటును పట్టుకునే అవకాశం పెరుగుతుంది. ల్యాప్‌టాప్ ప్రోగ్రామ్‌లో కూడా సరిగ్గా అవే పెట్టండి: 9600, 8, ఈవెన్, 1, ఆర్‌టీయూ మోడ్.

02.00, 02.01 జోలికి ఇప్పుడే వెళ్లకండి. మోటార్ వేగం, స్టార్ట్, స్టాప్ ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పేవి అవి. పారామీటర్లు చదవడానికీ రాయడానికీ వాటితో పని లేదు. కీప్యాడ్‌తో నడుస్తున్న డ్రైవ్‌ను అలాగే ఉంచి సీరియల్‌తో హాయిగా చదువుకోవచ్చు.

పారామీటర్ నంబరు నుంచి అడ్రస్‌కు

ఇక్కడ డెల్టా పద్ధతి చాలా తేలిక. గ్రూపు నంబరు పై బైటు, పారామీటర్ నంబరు కింది బైటు, రెండూ హెక్స్‌లో, అంటే 9 తర్వాత ఎ నుంచి ఎఫ్ దాకా వచ్చే 16 అంకెల లెక్కలో. యాక్సిలరేషన్ టైమ్ (మోటార్ వేగం అందుకోవడానికి పట్టే సమయం) 01.09 కాబట్టి దాని అడ్రస్ హెక్స్‌లో 0109. డిసెలరేషన్ టైమ్ 01.10, దాని అడ్రస్ 0110 కాదు, జాగ్రత్త. పది అంటే హెక్స్‌లో ‘ఎ’ కాబట్టి అది 0109 తర్వాతి అడ్రసే. అంటే 01.09, 01.10 రెండూ పక్కపక్కనే ఉన్న రిజిస్టర్లు (ఒక్కో విలువ ఉండే గళ్లు), ఒకే ప్రశ్నతో రెండూ వస్తాయి. హెక్స్‌లో 0110 అని రాస్తే అది 01.16 అవుతుంది, వేరే పారామీటర్.

ఇంకో చిక్కు ఉంది. కొన్ని ప్రోగ్రాములు, హెచ్ఎంఐలు (ఆపరేటర్ స్క్రీన్లు) హెక్స్ అడ్రస్ అడగవు, 4తో మొదలయ్యే ఐదంకెల రిజిస్టర్ నంబరు అడుగుతాయి. ఆ నంబర్లు 40001 నుంచి మొదలవుతాయి. తీగ మీద వెళ్లే అడ్రస్ మాత్రం సున్నా నుంచి మొదలవుతుంది. హెక్స్ 0109 అంటే మామూలు లెక్కలో 265. దానికి ఒకటి కలిపితే 266, కాబట్టి రిజిస్టర్ నంబరు 40266. ఈ ఒక్కటి తేడా వల్ల పక్క పారామీటర్ చదువుతూ ‘విలువ తప్పొస్తోంది’ అని డ్రైవ్‌ను అనుమానించేవాళ్లు చాలామంది. చదివేటప్పుడు అయితే పర్లేదు, రాసేటప్పుడు ఆ ఒకటి తేడా పక్క పారామీటర్‌ను చెరిపేస్తుంది. మీ ప్రోగ్రామ్ ఏ లెక్క వాడుతుందో చదివే దశలోనే తేల్చుకోవాలని పట్టుబట్టేది అందుకే.

మొదటిసారి చదవడం

5వ డ్రైవ్ నుంచి 01.09, 01.10 అడుగుదాం. ప్రోగ్రామ్‌లో స్లేవ్ అడ్రస్ 5, ఫంక్షన్ 03, మొదటి అడ్రస్ హెక్స్ 0109, ఎన్ని అంటే 2. తీగ మీద వెళ్లే ఎనిమిది బైట్లు ఇవి:

05 03 01 09 00 02 14 71

05 ఎవరికి. 03 ఏం చేయాలి, అంటే రిజిస్టర్లు చదువు. 01 09 ఎక్కడి నుంచి. 00 02 ఎన్ని. చివరి 14 71 సీఆర్‌సీ, అంటే దారిలో ఒక్క బిట్టు చెడినా బయటపెట్టే లెక్క. సీఆర్‌సీని ప్రోగ్రామే వేసుకుంటుంది. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: అడ్రస్, విలువ రెండింటిలోనూ పెద్ద బైటు ముందు వెళ్తుంది, సీఆర్‌సీలో చిన్న బైటు ముందు వెళ్తుంది. ఇక్కడ లెక్కలో వచ్చిన సీఆర్‌సీ 7114, తీగ మీద వెళ్లింది 14 71. మైక్రోకంట్రోలర్‌లో సొంతంగా కోడ్ రాసేవాళ్లు తరచూ తడబడేది ఇక్కడే. మీ కోడ్ సరిగ్గా ఉందో లేదో పై వరుసతో పోల్చుకోండి.

రెండు టైములూ 10.0 సెకన్ల దగ్గర ఉంటే జవాబు ఇలా వస్తుంది:

05 03 04 00 64 00 64, ఆ తర్వాత రెండు బైట్ల సీఆర్‌సీ.

04 అంటే వెనకాల నాలుగు బైట్ల డేటా ఉంది. హెక్స్ 64 అంటే 100. డ్రైవ్ దశాంశ బిందువు పంపదు. ఈ టైము యూనిట్ 0.1 సెకను కాబట్టి 100 అంటే 10.0 సెకన్లు. ఏ పారామీటర్‌కు ఎన్ని దశాంశాలో మాన్యువల్‌లో చూడాల్సిందే, ఊహించి రాయొద్దు. ఇప్పుడు కీప్యాడ్ మీద 01.09 తెరిచి చూడండి. అక్కడా 10.0 ఉంటే మీ వైరింగ్, సెట్టింగ్, అడ్రస్ లెక్క మూడూ ఒక్క దెబ్బతో రుజువైనట్టే. ఇంకా గట్టి రుజువు కావాలంటే కీప్యాడ్ మీద 01.09ని 11.5 చేసి మళ్లీ చదవండి, 00 73 రావాలి. రెండు విలువలూ ఒకేలా ఉన్నప్పుడు పక్కది చదివినా తెలియదు కదా.

తర్వాత నడుస్తున్న విలువలు చూడండి. ఇవి హెక్స్ 2100 నుంచి మొదలవుతాయి. 2100 లోపం కోడ్. 2101 స్థితి, దాని చివరి రెండు బిట్లూ 1 అయితే మోటార్ నడుస్తోంది, రెండూ 0 అయితే ఆగి ఉంది. 2102 అడిగిన ఫ్రీక్వెన్సీ, 2103 నిజంగా ఇస్తున్న ఫ్రీక్వెన్సీ, రెండూ 0.01 హెర్ట్జ్ లెక్కలో. 2104 కరెంటు, 0.1 ఆంపియర్ లెక్కలో. 2105 డీసీ బస్ వోల్టేజి, 0.1 వోల్టు లెక్కలో. 2105లో 5870 కనిపిస్తే 587.0 వోల్టులు. రోజంతా 2104ను చదివి ఒక ఫైల్లో పెట్టుకుంటే బేరింగ్ బిగుసుకుంటోందా, ఫిల్టర్ మూసుకుపోతోందా అన్నది డ్రైవ్ ట్రిప్ అవకముందే, అంటే లోపం చూపి ఆగిపోకముందే, కరెంటులో కనిపిస్తుంది. ఈ పోర్టు వల్ల మీకు రోజూ దక్కే లాభాల్లో ఇది అన్నిటికంటే పెద్దది, దీనికి ఒక్క బైటు కూడా రాయక్కర్లేదు.

జవాబు రాకపోతే

జవాబు అసలే రాకపోవడం, లోపం జవాబు రావడం, ఈ రెండూ వేర్వేరు రోగాలు.

అసలే రాకపోతే డ్రైవ్‌కు మీ మాట చేరలేదు, లేదా చేరినా అర్థం కాలేదు. సీఆర్‌సీ తప్పితే డ్రైవ్ ఏమీ అనదు, మౌనంగా పారేస్తుంది. ముందు 09.04 మళ్లీ చూడండి, ఆస్కీలోనే ఉండిపోయి ఉండొచ్చు. తర్వాత అడ్రస్, బాడ్ రేటు, పారిటీ. ఆ తర్వాత ప్లస్, మైనస్ తీగలు మార్చండి. ల్యాప్‌టాప్‌లో సరైన కామ్ పోర్టు తెరిచారా అన్నదీ చూడండి. ప్రోగ్రామ్‌లో టైమౌట్ (జవాబు కోసం ఆగే సమయం) కనీసం 500 మిల్లీసెకన్లు ఉంచండి, యూఎస్‌బీ కన్వర్టర్లు తమ వంతు ఆలస్యం చేస్తాయి. ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే, ముఖ్యంగా మోటార్ నడిచేటప్పుడే పోతుంటే అది నాయిస్. గ్రౌండ్ తీగ కలిపారా, షీల్డును ఒక చివరే ఎర్త్ చేశారా, మోటార్ కేబుల్‌కు దూరంగా ఉందా అన్నవి వెతకండి.

లోపం జవాబు వచ్చిందంటే సంతోషించండి, తీగ, సెట్టింగ్ అన్నీ సరిగ్గా ఉన్నట్టే. దాన్ని గుర్తుపట్టడం సులువు: ఫంక్షన్ కోడ్‌కు హెక్స్ 80 కలిసి వస్తుంది. 03 అడిగితే 83, 06 పంపితే 86. ఉదాహరణకు

05 86 02 82 60

అంటే ‘5వ డ్రైవ్‌ను మాట్లాడుతున్నాను, రాయమన్నావు, కానీ ఆ అడ్రస్ నా దగ్గర లేదు’ అని. మోడ్‌బస్ ప్రమాణంలో 01 తెలియని ఫంక్షన్, 02 లేని అడ్రస్, 03 కుదరని విలువ, 04 పరికరం ఆ పని చేయలేకపోయింది. అయితే డ్రైవ్ కంపెనీలు వీటికి సొంత అర్థాలు ఇచ్చుకుంటాయి, పారామీటర్లు లాక్ అయి ఉన్నాయనో, మోటార్ తిరుగుతుండగా ఇది మార్చకూడదనో. మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న పట్టికనే నమ్మండి.

రాయడం

ఇప్పుడు యాక్సిలరేషన్ టైమును 12.0 సెకన్లు చేద్దాం. 12.0 అంటే 120, హెక్స్‌లో 78. ఫంక్షన్ 06, అంటే ఒక్క రిజిస్టర్ రాయి.

05 06 01 09 00 78 59 92

డ్రైవ్ ఒప్పుకుంటే ఇదే వరుసను ఉన్నది ఉన్నట్టు తిరిగి పంపుతుంది. ఇందులో ఒక మోసం దాగుంది. కొన్ని యూఎస్‌బీ కన్వర్టర్లు మీరు పంపిన బైట్లనే మళ్లీ మీకు వినిపిస్తాయి. అలాంటి కన్వర్టర్‌తో డ్రైవ్ తీగ పీకేసినా మీ ప్రోగ్రామ్ ‘రాశాను, జవాబు వచ్చింది’ అని చెప్పొచ్చు. అందుకే తిరిగి వచ్చిన వరుసను చూసి తృప్తి పడకండి. వెంటనే చదవండి:

05 03 01 09 00 01 54 70

జవాబులో 00 78 ఉంటేనే రాసినట్టు లెక్క. చదివే ప్రశ్నకు, దాని జవాబుకు రూపం వేరు కాబట్టి ప్రతిధ్వని ఇక్కడ మోసం చేయలేదు.

యాక్సిలరేషన్ టైము లాంటివి మోటార్ నడుస్తుండగా కూడా మార్చొచ్చు. 01.00 లాంటివి, అంటే గరిష్ఠ ఫ్రీక్వెన్సీ, ఆగి ఉన్నప్పుడే ఒప్పుకుంటుంది. ఏది ఎప్పుడు మార్చొచ్చో మాన్యువల్ పారామీటర్ పట్టికలో గుర్తు పెట్టి ఉంటుంది.

చేయి వణకాల్సిన అడ్రస్ ఒకటుంది: 0002. అది 00.02 పారామీటర్. దానిలో 9 రాస్తే డ్రైవ్ పారామీటర్లన్నీ 50 హెర్ట్జ్ ఫ్యాక్టరీ విలువలకు వెళ్లిపోతాయి, మీరు పెట్టిన కమ్యూనికేషన్ సెట్టింగ్‌లతో సహా. అంటే ఆ డ్రైవ్ లైను మీద నుంచి కూడా మాయమవుతుంది. ప్రోగ్రామ్‌లో ‘ఇన్ని రిజిస్టర్లు వరసగా రాయి’ అనే లూప్ పెట్టేవాళ్లు ఈ అడ్రస్‌ను తప్పకుండా మినహాయించండి. అలాగే స్లేవ్ అడ్రస్ 0 వాడకండి. అది లైనులో ఉన్న అందరికీ వర్తించే ఆదేశం, ఎవరూ జవాబు ఇవ్వరు, అందరూ పాటిస్తారు.

ఇంకో హెచ్చరిక, ఇది నెమ్మదిగా చంపే రకం. పారామీటర్ రాస్తే అది డ్రైవ్ లోపలి శాశ్వత మెమరీలో, అంటే ఈఈప్రామ్‌లో నిలుస్తుంది. ఈఈప్రామ్ చిప్‌లకు రాతల పరిమితి ఉంటుంది, చాలావాటికి లక్ష సార్లు. లక్ష అంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ పీఎల్‌సీ ప్రోగ్రామ్‌లో ‘ప్రతి సెకనుకూ ఈ విలువ రాయి’ అని పెట్టేస్తే రోజుకు 86,400 రాతలు. లక్ష దాటడానికి రెండు రోజులు కూడా పట్టదు. విలువ మారినప్పుడు మాత్రమే రాసేలా, అది కూడా ముందు చదివి తేడా ఉంటేనే రాసేలా ప్రోగ్రామ్ పెట్టండి. మాటిమాటికీ మారే వేగాన్ని పారామీటర్ ద్వారా కాదు, దానికోసమే ఉన్న 2001 రిజిస్టర్ ద్వారా పంపండి.

వేగం, స్టార్ట్, స్టాప్

పారామీటర్లు రాయడం అలవాటయ్యాక నడపడం పెద్ద విషయం కాదు. కీప్యాడ్ నుంచి 02.00లో 3 పెడితే వేగం ఆదేశం ఆర్ఎస్-485 నుంచి తీసుకుంటుంది. 02.01లో 3 పెడితే స్టార్ట్, స్టాప్ ఆర్ఎస్-485 నుంచి వస్తాయి, కీప్యాడ్ మీద స్టాప్ బటన్ కూడా పనిచేస్తుంది. 4 పెడితే ఆ బటన్ పనిచేయదు. 3నే పెట్టండి. డ్రైవ్ ముందు నిలబడ్డ మనిషి చేతిలో స్టాప్ బటన్ ఉండి తీరాలి.

వేగం 2001లో. 45.00 హెర్ట్జ్ అంటే 4500, హెక్స్‌లో 1194. ఆదేశం 2000లో. కింది రెండు బిట్లలో 01 అంటే స్టాప్, 10 అంటే రన్. 4, 5 బిట్లలో 01 ఫార్వర్డ్, 10 రివర్స్. రన్, ఫార్వర్డ్ రెండూ కలిపితే హెక్స్ 12:

05 06 20 00 00 12 03 83

ఈ వరుస పంపగానే మోటార్ తిరుగుతుంది. ముందు 2001లో 5 హెర్ట్జ్ లాంటి తక్కువ వేగం రాసి, స్టాప్ ఆదేశం, అంటే 2000లో 0001, ప్రోగ్రామ్‌లో సిద్ధంగా పెట్టుకుని, అప్పుడే రన్ పంపండి.

కేబుల్ తెగితే ఏమవుతుంది?

సీరియల్‌తో మోటార్ నడిపే ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్నకు జవాబు ముందే చెప్పగలగాలి. వీఎఫ్‌డీ-ఈఎల్ ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో జవాబు ఏమిటంటే, ఏమీ కాదు, మోటార్ తిరుగుతూనే ఉంటుంది. 09.03 టైమౌట్ 0.0లో ఉంటుంది, అంటే డ్రైవ్ కమ్యూనికేషన్ పోయిందని గమనించను కూడా గమనించదు. 09.02 కూడా 3లో ఉంటుంది, అంటే హెచ్చరిక లేకుండా నడుస్తూనే ఉండు అని. పీఎల్‌సీ హ్యాంగ్ అయినా, ఎలుక తీగ కొరికినా, ల్యాప్‌టాప్ బ్యాటరీ అయిపోయినా చివరి ఆదేశమే చెల్లుతూ ఉంటుంది.

కాబట్టి 09.03లో 2.0 సెకన్లు, 09.02లో 1 పెట్టండి. రెండు సెకన్లు మాట వినపడకపోతే డ్రైవ్ హెచ్చరిక ఇచ్చి ర్యాంపు మీద, అంటే వేగం క్రమంగా తగ్గిస్తూ, ఆగుతుంది. 09.02లో 2 పెడితే మోటార్‌ను దానంతట అది తిరిగి తిరిగి ఆగేలా వదిలేస్తుంది. ఏది మంచిదో మెషీన్‌ను బట్టి తేల్చాలి. కన్వేయర్‌కు ర్యాంపు బాగుంటుంది. పొగ లాగే ఫ్యాను అయితే కమ్యూనికేషన్ పోయినా నడవడమే క్షేమం కావచ్చు, అప్పుడు 0 పెడితే హెచ్చరిక ఇస్తూ నడుస్తుంది. టైమౌట్ పెట్టాక మీ ప్రోగ్రామ్ ప్రతి సెకనుకైనా ఒక్కసారి ప్రతి డ్రైవ్‌నూ పలకరించాలి, లేకపోతే ఊరికే ట్రిప్ అవుతూ ఉంటుంది. సెట్టింగ్ పెట్టి వదిలేయకుండా, తక్కువ వేగంలో నడుపుతూ కేబుల్ పీకి, నిజంగా ఆగుతుందో లేదో కళ్లారా చూడండి. ఆ పరీక్ష చేయనిదే మెషీన్‌ను ఆపరేటర్‌కు అప్పగించకండి.

వేరే కంపెనీ డ్రైవ్ అయితే

బైట్ల వరుస, సీఆర్‌సీ, ఫంక్షన్ కోడ్‌లు మోడ్‌బస్ మాట్లాడే డ్రైవ్‌లన్నిటిలో ఒకటే. మారేది అడ్రస్ లెక్క. ఏబీబీ ఏసీఎస్550లో పారామీటర్ నంబరును హెక్స్ చేయక్కర్లేదు. 1202 పారామీటర్ అంటే రిజిస్టర్ 41202, తీగ మీద 1201. ఇక్కడా అదే ఒకటి తేడా. సీమెన్స్ పాత మైక్రోమాస్టర్ డ్రైవ్‌ల దారి వేరు, వాటిది యూఎస్ఎస్ ప్రోటోకాల్. అందులో వరుస 02 అనే బైటుతో మొదలై, పొడవు, అడ్రస్, డేటా వచ్చి, చివర అన్ని బైట్లనూ ఎక్స్‌ఓఆర్ (బిట్లను పోల్చే ఒక లెక్క) చేసిన ఒక్క బైటుతో ముగుస్తుంది. డేటాలో ఒక భాగం పారామీటర్ చదవడానికి, రాయడానికి, ఇంకో భాగం స్టార్ట్, స్టాప్, వేగానికి. మోడ్‌బస్ ప్రోగ్రామ్‌తో దాన్ని పలికించలేరు. సైనమిక్స్ వీ20 వచ్చాక సీమెన్స్ చిన్న డ్రైవ్‌లోనూ రెండూ ఉన్నాయి, పీ2023 పారామీటర్‌లో 2 పెడితే మోడ్‌బస్.

బ్యాకప్

ఇంత నేర్చుకున్నాక మొదటి పనిగా చేయాల్సింది ఉన్న డ్రైవ్‌లన్నిటి పారామీటర్లు చదివి దాచుకోవడం. గ్రూపు 00 నుంచి మొదలుపెట్టి ఒక్కో గ్రూపు అడగండి. ఒక్కో పారామీటర్‌గా అడగడమే మేలు. మధ్యలో లేని అడ్రస్‌లు ఉంటాయి, వాటికి 02 లోపం వస్తుంది, అది తప్పు కాదు, వదిలేసి ముందుకు పొండి. పారామీటర్ నంబరు, చదివిన అసలు అంకె, దశాంశం పెట్టిన విలువ, చదివిన తేదీ ఒక ఎక్సెల్ షీటులో రాయండి. డ్రైవ్ మోడల్ నంబరు, హార్స్‌పవర్, మోటార్ నేమ్‌ప్లేట్ మీద ఉన్న కరెంటు కూడా అదే షీటులో ఉండాలి.

ఆ షీటు చూసి కొత్త డ్రైవ్‌లో రాసేటప్పుడు కొత్త డ్రైవ్ అదే మోడలా, అదే రేటింగా అన్నది ముందు సరిచూసుకోండి. గ్రూపు 00 వదిలేయండి. గ్రూపు 09ని కీప్యాడ్‌తోనే పెట్టండి, రాస్తుండగా బాడ్ రేటు మారిపోతే మధ్యలో మాట తెగిపోతుంది. 02.00, 02.01 రెండింటినీ అన్నిటికంటే చివర రాయండి, అప్పటిదాకా డ్రైవ్ కీప్యాడ్ చేతిలోనే ఉంటుంది. అంతా అయ్యాక మొత్తం మళ్లీ చదివి పాత షీటుతో ఎక్సెల్‌లోనే పోల్చండి. తేడా ఉన్న వరుసలు ఒకటీ రెండూ కనిపిస్తాయి, వాటిని కీప్యాడ్ మీద చేత్తో సరిచేస్తే సరిపోతుంది. ఆ షీటు ప్రింటు ఒకటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ప్యానెల్ తలుపు లోపలి వైపు అతికించండి. ఫైలు ల్యాప్‌టాప్‌లోనే ఉంటే రాత్రి రెండింటికి వచ్చే ఎలక్ట్రీషియన్‌కు అందదు.